మైక్రోపిపెట్ సమీక్ష: ల్యాబ్ బెంచీ దిగి సేల్స్ బ్యాగు పట్టేవాళ్ళ మొదటి సరుకు

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు "సేల్స్‌లోకి వెళ్తున్నా" అనగానే మన వైపు ఇళ్ళల్లో మొదట వచ్చే మాట "అంత చదువు చదివి మెడికల్ రెప్పా?" అని. ఆ ఉద్యోగం వేరు, ఇది వేరు. మెడికల్ రెప్ మందు గురించి డాక్టరుకు చెబుతాడు. రాసేది డాక్టరు, కొనేది రోగి. లైఫ్ సైన్సెస్ సేల్స్‌లో పరికరాన్ని, రియేజెంటును (పరీక్షలకు వాడే రసాయనం), ప్లాస్టిక్ సామానును సొంత చేత్తో వాడే మనిషి ముందే నిలబడి మాట్లాడాలి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ, సెంట్రల్ యూనివర్సిటీ. కడపలో యోగి వేమన. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, 1956 నుంచి ఉన్న మెడికల్ కాలేజీ. వీటికి తోడు వ్యవసాయ పరిశోధన స్థానాలు, విత్తన కంపెనీల ల్యాబులు, డయాగ్నస్టిక్ సెంటర్లు. ఏ గదిలోకి వెళ్ళినా బెంచీ మీద తప్పకుండా కనిపించే వస్తువు మైక్రోపిపెట్, అంటే చాలా కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే చేతి పరికరం.

అందుకే ఈ సమీక్ష. చూస్తున్నది సింగిల్ ఛానల్, వాల్యూమ్ మార్చుకునే రకం, మూడు సైజులు: 2–20, 20–200, 100–1000 మైక్రోలీటర్లు (మిల్లీలీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోలీటరు). కొనేవాళ్ళకు పనికొచ్చే సంగతులు ఉన్నాయి, కానీ ముఖ్యంగా రీసెర్చ్ వదిలి అమ్మకాల వైపు వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాం. ఐదారేళ్ళు ఇదే బొటనవేలితో నొక్కిన వస్తువును ఇప్పుడు అమ్మాలి. వాడటం వచ్చినంత మాత్రాన అమ్మడం రాదు. అయితే అది ఎందుకు తప్పుతుందో తెలిసిన మనిషికి, బ్రోచరు మాత్రమే చదివి వచ్చిన మనిషికి మధ్య తేడాను స్కాలర్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

ముందు వస్తువు. 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే పరిశోధకుడు, నోటితో పీల్చే గాజు పిపెట్లతో విసిగి, స్ప్రింగు, పిస్టన్ పెట్టి దీన్ని తయారుచేశాడు. 1961లో ఎపెన్‌డార్ఫ్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1970లలో గిల్సన్ వాల్యూమ్ మార్చుకునే రకాన్ని తెచ్చింది. ఇప్పటికీ లోపలి సూత్రం అదే: బొత్తాం నొక్కితే పిస్టన్ కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది, ఖాళీ అయినంత మేర ద్రవం టిప్పులోకి (కింద తగిలించే ప్లాస్టిక్ మొన) ఎక్కుతుంది. పిస్టన్‌కూ ద్రవానికీ మధ్య కొంచెం గాలి ఉంటుంది. పిస్టన్ ద్రవాన్ని తాకదు. ఈ పరికరంతో వచ్చే తిప్పలు చాలావరకు ఆ గాలి దగ్గరే మొదలవుతాయి. గాలి వేడెక్కితే పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది, కారితే లెక్క పోతుంది.

మన ఎండల్లో ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే సంగతి కాదు. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల బఫర్ తీసి, 34 డిగ్రీల గదిలో ఉన్న పిపెట్‌తో అలాగే లాగితే, టిప్పులోని గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. సెట్ చేసినదానికన్నా ఎక్కువ ద్రవం వస్తుంది. వేడి ద్రవంతో దీనికి తిరగబడి తక్కువ వస్తుంది. దీనికి అదే టిప్పుతో అదే ద్రవాన్ని కొన్నిసార్లు లాగి వదిలాక కొలవమని కొన్ని కంపెనీలు చెబుతాయి; మీ పిపెట్ మాన్యువల్ ఏం చెబుతుందో చూసుకోండి. సేల్స్ మనిషికి ఇంకో జాగ్రత్త ఉంది. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నెంబరు హైవే మీద సుమారు 150 కిలోమీటర్లు, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు సుమారు 200. మే నెలలో డెమో పిపెట్ కారు డిక్కీలో అన్ని గంటలు ఉడికి ఉంటుంది. దాన్ని తీసిన వెంటనే ఏసీ గదిలో తూకం వేసి చూపిస్తే, మంచి పిపెట్ కూడా చెడ్డదిగా తేలుతుంది. పిపెట్, టిప్పులు, నీళ్ళు మూడూ ఆ గదిలోనే రెండు గంటలు ఉన్నాక చూపించాలి. డెమో పదకొండింటికి అంటే తొమ్మిదింటికే వెళ్ళి బెంచీ మీద పెట్టి రావాలి. ఆ రెండు గంటల్లో స్కాలర్లతో మాట్లాడుకోవచ్చు. అసలు అమ్మకం సగం అక్కడే జరుగుతుంది.

డెమో ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. నాలుగు దశాంశ స్థానాల బ్యాలెన్సు ప్రతి డిపార్ట్‌మెంటులోనూ ఉంటుంది. అంటే 0.1 మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది, 100–1000 పిపెట్‌కు సరిపోతుంది. 20–200కు ఐదు స్థానాలది ఉంటే మేలు. 2–20 పిపెట్‌ను నాలుగు స్థానాల బ్యాలెన్సు మీద చూపించబోతే పరువు పోతుంది, చేయకండి. చిన్న మూత ఉన్న పాత్రలో కాస్త నీళ్ళు పోసి, సున్నా చేసి, 1000 దగ్గర సెట్ చేసిన పిపెట్‌తో డిస్టిల్డ్ వాటర్ పదిసార్లు వేయాలి. ప్రతిసారీ బరువు రాసుకోవాలి. సగటు 990 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. పక్కనున్న స్కాలరు వెంటనే "పది తక్కువ వస్తోంది సార్" అంటారు. అప్పుడు జెడ్ ఫ్యాక్టర్ గురించి చెప్పాలి. నీటి సాంద్రత, గాలి తేలింపు కలిపి బరువును వాల్యూమ్‌గా మార్చే అంకె అది. 20 డిగ్రీల దగ్గర 1.0029, 25 దగ్గర 1.0040, 30 దగ్గర 1.0054. గది 25 డిగ్రీలుంటే 990ని 1.0040తో గుణిస్తే 994 మైక్రోలీటర్లు దాకా వస్తుంది. అంటే 6 మాత్రమే తక్కువ.

మరి 6 తక్కువ రావచ్చా? 2002 నాటి ఐఎస్ఓ 8655 అనే అంతర్జాతీయ ప్రమాణం 1000 మైక్రోలీటర్ల పిపెట్‌కు 8 మైక్రోలీటర్ల వరకు తేడాను, 200కు 1.6 వరకు, 20కి 0.2 వరకు ఒప్పుకుంది. ఇది సగటు తప్పు. ఒకసారికీ ఇంకోసారికీ వచ్చే తేడాకు వేరే హద్దు ఉంది: 1000కి 3 మైక్రోలీటర్లు, 200కు 0.6, 20కి 0.1. కొనేవాళ్ళు మొదటి అంకెనే అడుగుతారు, కానీ రెండోది ఎక్కువ ముఖ్యం. ప్రతిసారీ ఒకేలా 6 తక్కువ వస్తే క్యాలిబ్రేషన్‌తో (కొలత సరిచూసి సెట్టింగు సర్దడం) సరిచేయవచ్చు. ఒకసారి 3 తక్కువ, ఇంకోసారి 5 ఎక్కువ వస్తుంటే సీలు పోయిందనో, చేయి కుదరలేదనో అర్థం. స్క్రూ తిప్పితే అది బాగుపడదు. ఈ ప్రమాణాన్ని 2022లో సవరించారు కాబట్టి, సర్టిఫికెట్ చేతికొచ్చినప్పుడు ఏ సంవత్సరం నాటి ప్రమాణం ప్రకారం ఇచ్చారో చూడండి.

అనంతపురం పొడిగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తూకం పరీక్షకు గదిలో తేమ కనీసం 50 శాతం ఉండాలని ఆ పాత ప్రమాణం చెప్పింది. ఏప్రిల్‌లో మన దగ్గర అది దొరకడం కష్టం, ఏసీ వేస్తే ఇంకా తగ్గుతుంది. బ్యాలెన్సు లోపల ఒక మూల చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టి, తలుపులు మూసి, పావుగంట ఆగాలి. లేకపోతే వేసిన నీరు కళ్ళ ముందే ఆవిరై అంకె జారిపోతుంటుంది, ఆ నింద పిపెట్ మీద పడుతుంది.

అదే 8 మైక్రోలీటర్లలో అమ్మకానికి పనికొచ్చే అసలు విషయం ఒకటి ఉంది. ఆ హద్దు పిపెట్ గరిష్ఠ వాల్యూమ్‌కు కట్టినది. కింది సెట్టింగులకు కూడా పాత ప్రమాణంలో అంతే వర్తిస్తుంది. 100–1000 పిపెట్‌ను 100 దగ్గర పెట్టి వాడితే, 8 మైక్రోలీటర్లంటే 8 శాతం తప్పు. అదే 100ను 20–200తో తీస్తే 1.6 శాతం. కంపెనీలు తమ కేటలాగుల్లో ఇంతకన్నా బిగువైన అంకెలే ఇస్తాయి, అయినా ధోరణి మారదు: రేంజిలో కింది అంచున ఏ పిపెట్టూ బలంగా ఉండదు. "మా దగ్గర వెయ్యిది ఉంది, అన్నిటికీ అదే సరిపోతుంది" అనే డిపార్ట్‌మెంటుకు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలు. పక్క కంపెనీని ఒక్క మాట అనక్కర్లేదు. 20–200 అమ్ముడవుతుంది, వాళ్ళ ఎలైజా (ప్రొటీన్ల లాంటివి కొలిచే పరీక్ష) స్టాండర్డ్ కర్వు, అంటే తెలిసిన మోతాదులతో గీసే గీత, కూడా చక్కబడుతుంది. ఇలాంటి అమ్మకమే నిజాయతీ అమ్మకమని మా నమ్మకం.

టిప్పుల సంగతి ఇంకా పెద్దది. పది మైక్రోలీటర్లకు తెల్లవి, 200కు పసుపువి, 1000కి నీలంవి అని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, చెడిపోయిందని చెప్పే పిపెట్లలో చాలావాటికి జబ్బు టిప్పుది. చవక టిప్పు కోను (పిపెట్ కింది మొన) మీద సరిగ్గా కూర్చోదు, అంచున గాలి పోతుంది. కూర్చోవడం లేదని పిపెట్‌తో ర్యాకు మీద గట్టిగా గుద్దుతారు. కొన్నాళ్ళకు కోను అరిగిపోతుంది, ఇక మంచి టిప్పు కూడా కూర్చోదు. పరీక్ష ఇరవై సెకన్లదే: నిండా నీళ్ళు లాగి, నిటారుగా పట్టుకుని, ఇరవై లెక్కపెట్టాలి. టిప్పు చివర చుక్క ఉబ్బితే లీకు ఉంది. టిప్పు మార్చి మళ్ళీ చూడాలి. చుక్క ఆగితే తప్పు టిప్పుది, ఆగకపోతే లోపలి సీలుది. "కొత్త పిపెట్ కొనండి మేడమ్" అనడానికి ముందు ఈ పరీక్ష చేసి, తప్పు టిప్పుదేనని తేలితే ఆ మాటే చెప్పండి. ఆ రోజు పిపెట్ అమ్ముడుపోదు. కానీ టిప్పులు ఏడాది పొడవునా నెలనెలా అయిపోయే సరుకు, వాటి ఆర్డరు ఎవరికి వెళ్తుందో ఊహించుకోండి.

ద్రవాన్ని బట్టి చేయి మారాలని కూడా చెప్పాలి. మామూలు నీళ్ళలాంటి బఫర్లకు మొదటి స్టాపు (బొత్తాం నొక్కేటప్పుడు మొదట తగిలే అడ్డు) వరకు నొక్కి, లాగి, వదిలేటప్పుడు రెండో స్టాపు దాకా నొక్కడం. ఎంజైములు 50 శాతం గ్లిసరాల్‌లో వస్తాయి, ప్రొటీన్ ద్రావణాలు నురగ కడతాయి. వాటికి తిరగేసి చేయాలి: ముందే రెండో స్టాపు దాకా నొక్కి నెమ్మదిగా లాగి, మొదటి స్టాపు వరకే వదలాలి; టిప్పులో మిగిలింది పారేయాలి. వేరుశనగ మీద పనిచేసే ల్యాబులు మన దగ్గర ఉన్నాయి. నూనె కొలవాలంటే ఈ గాలి పిపెట్ అసలు సరైన సాధనం కాదు. పిస్టన్ నేరుగా ద్రవాన్ని తాకే పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ రకం వేరే ఉంది, లేదా బరువు తూచుకోవడం మేలు. అసిటోన్, ఇథనాల్ లాంటివి టిప్పులోంచి వాటంతట అవే కారతాయి. వాటి ఆవిరితో లోపలి గాలి నిండేదాకా నాలుగైదుసార్లు లాగి వదిలితే ఆగుతాయి. టిప్పును ద్రవంలో ఎంత ముంచాలంటే, చిన్న వాల్యూమ్‌లకు ఒక మిల్లీమీటరు, 200కు రెండు మూడు, 1000కి మూడు నాలుగు. అంతకంటే లోతుగా ముంచితే బయట అంటుకున్న ద్రవం కూడా ట్యూబులోకి చేరుతుంది.

ఇక చెడిపోయే తీరు. టిప్పులో ద్రవం ఉండగానే పిపెట్‌ను బెంచీ మీద పడుకోబెట్టడం మొదటి తప్పు. ద్రవం షాఫ్టులోకి (పిపెట్ కింది గొట్టం) పాకి, పిస్టన్‌కు తుప్పు పడుతుంది. ఆమ్లం, ఫినాల్, క్లోరోఫాం ఆవిర్లు ఇంకా తొందరగా తింటాయి. బొత్తాన్ని టక్కున వదిలేయడం రెండోది. ద్రవం ఎగిరి కోను లోపలికి చిమ్ముతుంది. అంకెల చక్రాన్ని హద్దు దాటి బలవంతంగా తిప్పడం మూడోది. 1000 దాటి 1050 చూపిస్తే ఇక లోపలి గేరు మీద నమ్మకం పెట్టుకోకూడదు. విప్పి చూస్తే పెద్ద యంత్రమేమీ కాదు: బొత్తాం, స్ప్రింగు, పిస్టన్, సీలు, ఓ-రింగు, టిప్పు కోను, టిప్పు తోసే ఎజెక్టరు. షాఫ్టును 70 శాతం ఐసోప్రొపనాల్‌తో తుడిచి ఆరబెట్టి, పిస్టన్‌కు కంపెనీ ఇచ్చిన గ్రీజు పలచగా పూత పెడితే సగం కంప్లైంట్లు పోతాయి. గ్రీజు ముద్దగా పెడితే మాత్రం దుమ్ము పట్టి పిస్టన్ ఇరుక్కుంటుంది. ఓ-రింగు మారిస్తే తప్పనిసరిగా మళ్ళీ తూకం పరీక్ష చేయాలి. ఆటోక్లేవ్ విషయంలో, కొన్ని మోడళ్ళు మొత్తంగా 121 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు తట్టుకుంటాయి, కొన్నింటిలో కింది భాగం మాత్రమే. మాన్యువల్ చూడకుండా "ఆటోక్లేవ్ చేయొచ్చు" అని నోరు జారితే, హ్యాండిల్ వంగిపోయిన పిపెట్‌ను మీ చేతిలో పెడతారు.

మన దేశంలో తయారైనది కొనాలా, విదేశీది కొనాలా? ప్రతి డిపార్ట్‌మెంటులోనూ వచ్చే ప్రశ్న. కోల్‌కతా టార్సన్స్, లక్నో మైక్రోలిట్ లాంటి మన కంపెనీలు ఉన్నాయి. ఎపెన్‌డార్ఫ్, గిల్సన్, రేనిన్ లాంటి విదేశీవి ఉన్నాయి. ధరలో తేడా కొన్ని రెట్లు. మా తీర్పు ఇదీ: ఎంఎస్సీ ప్రాక్టికల్స్‌కు, ముప్ఫై మంది చేతులు మారే చోట, మన దేశపువి రెండు మూడు సెట్లు తీసుకుని, ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ చేయించుకోవడం తెలివైన పని. క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేసే గదిలో 2–20 సైజు ఒక్కటి మాత్రం డబ్బు పెట్టి మంచిది కొనండి, దానికి తాళం వేయండి. అక్కడ రెండు మైక్రోలీటర్ల తేడా ఫలితాన్నే మార్చేస్తుంది. 100–1000 సైజులో ఖరీదైనదానికీ మామూలుదానికీ పనిలో కనిపించే తేడా తక్కువే. బొటనవేలికి పడే శ్రమలో మాత్రం తేడా ఉంటుంది. రోజుకు వందల సార్లు నొక్కేవాళ్ళు అది చూసుకోవాలి. చేతికిచ్చి యాభైసార్లు నొక్కించండి, బ్రోచరు కన్నా వేలే బాగా చెబుతుంది.

ఇంతవరకూ చెప్పినది రీసెర్చ్ చేసినవాళ్ళకు కాస్తో కూస్తో తెలిసినదే. తెలియనిది కాగితం దారి. పిపెట్ వాడేది స్కాలరు, అడిగేది స్కాలరు, కానీ సంతకం పెట్టేది వాళ్ళు కాదు. ఇండెంటు గైడు పేరు మీద వెళ్తుంది, హెచ్‌ఓడీ ఫార్వర్డు చేస్తారు, ప్రాజెక్టు డబ్బయితే ప్రాజెక్టు సెక్షను, డిపార్ట్‌మెంటు డబ్బయితే పర్చేజ్ కమిటీ, చివరకు ఫైనాన్స్ ఆఫీసరు. స్కాలరు "తప్పకుండా కొంటాం అన్నా" అన్నంత మాత్రాన టార్గెట్ షీటులో రాసుకోకండి. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: డబ్బు ఏ హెడ్ కింద ఉంది? కన్స్యూమబుల్స్ కిందా, ఎక్విప్‌మెంట్ కిందా? ఎప్పటిలోగా ఖర్చు కావాలి? కొనుగోలు జెమ్ పోర్టల్ (ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో కొనే వేదిక) మీదా, కొటేషన్ల మీదా? ఈ నాలుగూ తెలియకుండా ఇచ్చిన కొటేషన్ ఫైల్లో పడి ఉండే కాగితమే.

జెమ్ 2016 ఆగస్టులో మొదలైంది. ప్రభుత్వ సంస్థ కొనాలంటే అక్కడ దొరికే సరుకు మామూలుగా అక్కడే కొనాలి. అందుకే మీ డీలరు ఆ పోర్టల్‌లో ఆ బ్రాండుకు అధీకృత రీసెల్లరుగా ఉన్నారా, మోడల్ నెంబరు సరిగ్గా ఎక్కించారా అన్నది ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చూసుకోవాలి. కేటలాగులో 20–200 బదులు 10–100 అని పడితే, ఆర్డరు వచ్చాక సరుకు వెనక్కి వస్తుంది, డబ్బు నెలలు ఆగుతుంది. పరిశోధన పరికరాల కోసం 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ నిబంధనలు సడలించింది. కేంద్ర సైన్స్ శాఖల కింది సంస్థల్లో కొటేషన్లు లేకుండా కొనే హద్దు లక్ష నుంచి రెండు లక్షలకు పెరిగింది. రాష్ట్ర యూనివర్సిటీలో ఏ డబ్బుకు ఏ నిబంధన పెడుతున్నారో ఫైనాన్స్ సెక్షనులోనే అడగండి, ప్రొఫెసరుగారి మాట మీద ధర కట్టకండి.

జీఎస్టీ దగ్గర పాత స్కాలర్లు పొరబడుతుంటారు. పరిశోధన సంస్థలకు ఒకప్పుడు 5 శాతం పన్ను రాయితీ ఉండేది, సర్టిఫికెట్ ఇస్తే సరిపోయేది. 2022 జూలై 18 నుంచి అది పోయింది. "మాకు 5 శాతమే కదా" అని ఇప్పటికీ అడిగే ప్రొఫెసర్లుంటారు, గౌరవంగా వివరించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మళ్ళీ మారాయి కాబట్టి, కొటేషన్ వేసే ముందు ప్రతి వస్తువు హెచ్‌ఎస్‌ఎన్ కోడుకు (పన్ను కోసం సరుకుల రకానికి ఇచ్చే నెంబరు) ఆ రోజు రేటు చూసి వేయండి. పన్ను తప్పు పడితే తేడా డీలరు జేబులోంచి పోతుంది, మీ పేరు చెడుతుంది.

ఏడాదిలో అమ్మకాల కాలం మన దగ్గర చాలా వంకరగా ఉంటుంది. మార్చి 31లోగా ఖర్చు చూపించి వినియోగ పత్రం ఇవ్వాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫోన్ల మీద ఫోన్లు. ఆ రోజుల్లో స్టాకు లేదంటే ఆర్డరు పక్క డీలరుకు పోతుంది. విదేశీ బ్రాండు సరుకు రావడానికి వారాలు పడుతుంది. జనవరిలోనే ఎవరి దగ్గర ఎంత మిగులుందో కనుక్కుని తెప్పించి పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, సెలవులు. అప్పుడు అమ్మడానికి తిరిగే బదులు సర్వీసు, క్యాలిబ్రేషన్ క్యాంపులు పెట్టుకుంటే మేలు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్‌కు మామూలుగా హైదరాబాదుకో బెంగళూరుకో పంపాలి, కాబట్టి ఒక డిపార్ట్‌మెంటులో పిపెట్లన్నీ ఒకేసారి పంపించకండి. సగం పంపి, అవి వచ్చాక మిగతావి.

ఈ పనికి ఎవరు సరిపోతారు? ఫీల్డు సేల్స్, అప్లికేషన్ స్పెషలిస్టు రెండూ ఒకటి కాదు. అప్లికేషన్ స్పెషలిస్టు అమ్ముడైన యంత్రాన్ని నడిపి చూపిస్తారు, వాళ్ళకు టెక్నిక్ ముఖ్యం. ఫీల్డు మనిషికి టెక్నిక్‌తో పాటు తిరుగుడు, బాకీల వసూలు, రోజువారీ రిపోర్టు. బెంచీ మీద పని ఇష్టపడి, ఫోన్ చేయడానికి మొహమాటపడేవాళ్ళు మొదటిది చూసుకోవడం మేలు. క్యూపీసీఆర్, సెంట్రిఫ్యూజ్ లాంటి పెద్ద యంత్రాలతో మొదలుపెట్టాలని చాలామంది ఆశపడతారు. ఆ ఆర్డరు పూర్తయ్యేసరికి ఏడాది పట్టవచ్చు, అంతవరకు చేతిలో ఏ ఫలితమూ ఉండదు. పిపెట్, టిప్పులతో మొదలుపెడితే నెలలోనే చిన్న చిన్న ఆర్డర్లు వస్తాయి, ప్రతి గది తలుపూ తెరుచుకుంటుంది, ఎవరి సంతకం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. పెద్ద యంత్రం ఆ దారిలోనే తర్వాత నడుస్తుంది.

ఇంటర్వ్యూలో చేతికి పిపెట్ ఇచ్చి "ఇది అమ్మి చూపించండి" అంటే, రీసెర్చ్ నుంచి వచ్చినవాళ్ళు ప్రిసిషన్, అక్యురసీ అంటూ సెమినారు మొదలుపెడతారు. అలా కాదు. అడగండి: "మేడమ్, రోజూ ఎక్కువగా ఎన్ని మైక్రోలీటర్లు తీస్తారు? ఏ ద్రవం? ఇప్పుడున్నది చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేయించారు? టిప్పులు ఎవరివి?" నాలుగో జవాబు వచ్చేసరికి వాళ్ళకు కావలసింది కొత్త పిపెట్టా, కొత్త టిప్పులా, ఒక్క ఓ-రింగా అన్నది మీకు తెలిసిపోతుంది. రెజ్యూమెలో పేపర్ల పేర్లు వరుసగా రాసే బదులు, ఏయే పరికరాలు సొంతంగా నడిపారు, ల్యాబుకు సామాను ఎవరి దగ్గర ఎలా తెప్పించారు, ఎన్ని కొటేషన్లు పోల్చారు అన్నది రాయండి. మీరు కొనుగోలుదారుగా చేసిన ఆ పనే ఇక్కడ అనుభవం.

డెమో బ్యాగులో ఉండవలసినవి: మూడు సైజుల పిపెట్లు, వాటికి సరిపడే టిప్పులు ఒక్కో ర్యాకు, ఆ బ్రాండు ఓ-రింగులు, గ్రీజు, విప్పే స్పానరు, మూత ఉన్న చిన్న పాత్ర, థర్మామీటరు, జెడ్ ఫ్యాక్టర్ పట్టిక, ఖాళీ తూకం ఫారాలు. వీటన్నిటికన్నా ముందు ఒక అదనపు పిపెట్ పెట్టుకోండి. ల్యాబు పిపెట్ సర్వీసుకు వెళ్ళినప్పుడు, తిరిగి వచ్చేదాకా వాడుకోవడానికి అప్పుగా ఇచ్చేందుకు. ఇచ్చేటప్పుడు డెలివరీ చలానా మీద "తిరిగి ఇవ్వవలసినది" అని రాసి, సీరియల్ నెంబరు వేసి, గైడుగారి సంతకం తీసుకోండి. అది వాళ్ళ స్టాకు రిజిస్టరులో ఎక్కిందంటే మళ్ళీ బయటికి తీసుకురావడం చాలా కష్టం.